ఎడంపక్క వెనక తలుపు

నందిగామ,
2-4-1963

జగ్గయ్యపేటలో ఉన్న వదిన పున్నమ్మ గారికి సౌభాగ్యమ్మ నమస్కారాలు.

మా అన్నయ్య దశరథరామయ్య పోయి రెండేళ్లయింది. ఈ రెండేళ్లలో మీరు నాకు రాయలేదు, నేను మీకు రాయలేదు. ఇప్పుడూ రాసేదాన్ని కాదు. అవసరం పడింది.

మా భవానీప్రసాద్ పెళ్లి మే పదో తేదీన. అమ్మాయిది కంచికచర్ల. పెళ్లికొడుకును తరలించడానికి అన్నయ్య కారు కావాలి. మీ ఊరి బస్సు దిగినవాళ్లు చెబుతున్నారు, కారు మీ చావిట్లో చొప్పమోపుల పక్కన పడి ఉందట, కోళ్లు ఎక్కి దిగుతున్నాయట. కడిగించి, మెరుగు పెట్టించి పంపండి. పెళ్లివారు చూసి నవ్వకూడదు.

మా ఆయన కారు మునేరు మింగకుండా ఉంటే మిమ్మల్ని అడిగే గతి నాకు పట్టేది కాదు. ఎనిమిదేళ్ల కిందట శ్రావణంలో ఏరు పొంగి కారు కొట్టుకుపోతే, మనిషి ఈది ఒడ్డెక్కాడు. ఆ తరవాత మూడేళ్లే బతికాడు, అది వేరే సంగతి. మనిషిని ఇచ్చినందుకు మునేటికి ఏటా చీర పెడుతూనే ఉన్నాను.

ఒక్క మాట. పిల్లవాడు వెనక సీట్లో ఎడంపక్క తలుపు దగ్గర కూర్చుంటాడు. ఆ చోటు ఇంకొకరికి ఇవ్వవద్దని మీ డ్రైవరు కృష్ణయ్యకు చెప్పండి.

ఇట్లు,
మీరు మరిచిపోయిన ఆడపడుచు
సౌభాగ్యమ్మ


జగ్గయ్యపేట,
9-4-1963

సౌభాగ్యమ్మకు పున్నమ్మ రాయించుకోకుండా తన చేత్తో తానే రాస్తున్నది.

ఇక్కడ అందరం బాగున్నాం అని రాయాలి కాబట్టి రాశాను. నాకు మోకాళ్ల నొప్పి, ఎడమ చెవిలో హోరు. నువ్వు అడగవు కాబట్టి నేనే చెబుతున్నా.

కారు పంపనని నేను ఎక్కడన్నానా? నా మీద ముందే కత్తి కట్టి రాశావు. కోళ్లు ఎక్కిన మాట నిజమే. నెలకోసారి కృష్ణయ్య వచ్చి పక్క వీధి దాకా నడిపి తీసుకొస్తాడు, మళ్లీ పెట్టేస్తాడు. బయటికి పంపాలంటే నాకు గుండె దడ. కీసర దగ్గర లారీలు మీదికొస్తాయంటారు. చక్రం ఊడితే? పెళ్లికొడుకు లోపల ఉండగా ఊడితే? ఆ మాట నేను రాయకూడదు, రాసేశాను, మూడుసార్లు ఉమ్మేశాను.

మా తిరుపతిరావు సాగర్ ప్రాజెక్టు పనిలోంచి రెండు రోజులు సెలవు మీద వచ్చాడు. నీ ఉత్తరం చూపించా. వాడు బెజవాడ వెళ్లి కార్ల షెడ్డులో తెలిసినవాణ్ని అడిగి ఒక మిషను పట్టుకొచ్చాడు. కరెంటు పెడితే ముందున్న బిళ్ళ గిర్రున తిరుగుతుంది. బిళ్ళకు గొర్రె ఉన్ని తొడుగు. కారుకు పేస్టు పూసి ఆ బిళ్ళతో రుద్దితే మాసిన రంగు పోయి అడుగునున్న రంగు మెరుస్తుందట. వాడు బానెట్టు మీద అరచేతి మేర రుద్ది చూపించాడు. నా ముఖం కనపడింది. ఇంత ముసలిదాన్నయ్యానా అనిపించింది.

వాడు మళ్లీ పెళ్లి ముందు రోజుకు గానీ రాడు. "అమ్మా, కృష్ణయ్యతో చేయించు. నువ్వు ముట్టుకోకు," అని చెప్పి వెళ్లాడు. కృష్ణయ్యకు చేతులు వణుకుతాయి. ఇంకెవర్ని నమ్మను? నేనే చేస్తా.

ఇంకో మాట. ఆ కారు మీ అన్నయ్య కొన్న రోజు నుంచీ నువ్వు ఎప్పుడొచ్చినా ఆ ఎడంపక్క తలుపు దగ్గర నిలబడి పిడికి కింద తడిమి తడిమి చూసేదానివి. ఎక్కు అంటే ఎక్కేదానివి కాదు. నువ్వు వెళ్లాక నేను ఉప్పు దిగదుడిచేదాన్ని. ఇప్పుడు నీ కొడుకు కూడా అక్కడే కూర్చోవాలా? నీ కన్ను చల్లబడలేదన్నమాట.

పున్నమ్మ


నందిగామ,
14-4-1963

వదిన గారికి,

మీ ఉత్తరం మా అక్కయ్య గారి కోడలి ముందు చదివాను. కొంచెం సిగ్గుపడ్డాను. నా కంటికి ఉప్పు దిగదుడిచారని నా ముఖానే రాసిన మనిషిని మిమ్మల్నే చూశాను.

అరవై ఏళ్లు దాటిన మనిషి కరెంటు మిషను పట్టుకుని కారు రుద్దడమేమిటి? అది అంట్ల గిన్నె కాదు. మీకు తెలిసింది బూడిద, పీచు. షెడ్డు మనిషిని పిలిపించలేరా?

చేసి తీరతానంటే బానెట్టు చేసుకోండి, పైకప్పు చేసుకోండి. తలుపుల జోలికి పోకండి. తలుపులకు మిషను పెట్టవద్దు. ముఖ్యంగా ఎడంపక్క వెనక తలుపు. తడిగుడ్డతో తుడిస్తే చాలు. అర్థమయిందనుకుంటాను.

సౌభాగ్యమ్మ


జగ్గయ్యపేట,
20-4-1963

సౌభాగ్యమ్మా,

అర్థమయింది. నాకు చేతకాదని అర్థమయింది. బానెట్టు పాడైతే ఫరవాలేదు, నీ కొడుకు దిగే తలుపు పాడవకూడదు. అంతేగా?

నేను ఎలా చేశానో విను. మొదటి రోజు కారును చావిట్లోంచి ఎండలోకి తోయించా. ఎండలో మెరుస్తుందనుకున్నా. పేస్టు బానెట్టు నిండా పూసేసరికి అప్పడాల పిండి ఎండినట్టు ఎండి పట్టేసింది. గోళ్లతో గీకా. నా గోళ్లూ పోయాయి, పేస్టూ పోలేదు. తరవాత తెలిసింది, నీడలో చెయ్యాలి, జానెడు మేర పూసుకుని అక్కడికక్కడ రుద్దుకోవాలి.

రెండో రోజు మిషను మీట నొక్కా. అది తాడు తెంపుకున్న లేగదూడలా పక్కకు లాగేసింది. నా చీరంతా తెల్లటి చుక్కలు. భయమేసి కింద మట్టిలో పెట్టేశా. ఉన్నికి ఇసక అంటుకుంది. నేను చూసుకోలేదు. మళ్లీ రుద్దితే బానెట్టు మీద సాలెగూళ్లలా సన్నటి గీతలు, సున్నాల్లో సున్నాలు. కూర్చుని ఏడ్చా. పక్కింటి బసవమ్మ గోడ మీంచి చూసి, "కారును కూడా ఏడిపిస్తున్నావా అక్కయ్యా," అంది. ఆమెతో నాలుగు రోజులు మాట్లాడను.

మధ్యలో ఫ్యూజు పోయింది. ఇల్లు తగలబడిందేమోనని బిందె పట్టుకుని పరిగెత్తా. ఇప్పుడు కర్ర పీట మీద నిలబడి, రబ్బరు చెప్పులు వేసుకుని చేస్తున్నా. కరెంటు కొడితే పీట మీదే పోతా, నేల మైలపడదు.

మూడో రోజుకు చెయ్యి కుదిరింది. ఉన్ని తొడుగు ఉతికి ఆరబెట్టుకోవాలి. బిళ్ళను పడుకోబెట్టి పట్టాలి, నిలబెట్టకూడదు. ఒకేచోట ఆపకూడదు, అంచుల దగ్గర అసలు ఆపకూడదు. బరువంతా వెయ్యకూడదు. గీతలన్నీ పోయాయి. బానెట్టు ఇప్పుడు కాటుక పూసినట్టుంది. కృష్ణయ్య వచ్చి చూసి, "అయ్య గారుంటే," అని ఆగిపోయాడు. బంపరు నికెలు మాత్రం చింతపండుతో తోమా, కాస్త మచ్చ పడింది. అది నీకు ముందే చెబుతున్నా, పెళ్లిలో పదిమందిలో ఎత్తకు.

తలుపుల జోలికి పోవద్దన్నావు కదా. రేపు తలుపులే మొదలుపెడతా. అందులోనూ ఎడంపక్క వెనక తలుపే.

పున్నమ్మ


జగ్గయ్యపేట,
22-4-1963

(ఇది రాసి పోస్టులో వెయ్యలేదు. బియ్యం డబ్బా అడుగున పెట్టా.)

సౌభాగ్యమ్మా,



నిన్న నీ మీద కోపంతో ఆ తలుపు మీద బరువంతా వేశా. ఆపకూడదని నాకు తెలుసు, ఆపా. పిడికి కింద నలుపు పోయింది. ఉన్ని నల్లబడింది. నలుపు కింద ఆకుపచ్చ వచ్చింది. ఆకుపచ్చలో తెల్లటి చుక్కలు. ముందు అమ్మవారు పోసినట్టుంది అనుకున్నా. గుడ్డతో తుడిచి చూస్తే గుంటలు. గుంటల్లో లప్పం పూడ్చి ఉంది. చుక్కలన్నీ కలిపి వేలితో చదివా. నాకు వచ్చింది వానాకాలం చదువే, అయినా చదివా. "సౌభాగ్యమ్మ, నందిగామ."

గిన్నెల మీద పేరు కొట్టించినట్టు కారు మీద పేరు కొట్టించుకున్నావటే? ఎవరైనా మారుస్తారనుకున్నావా, పేరంటానికి పంపిన పళ్లెంలాగా?

మునేరు మింగిన మీ ఆకుపచ్చ కారు నా చావిట్లో ఉంది.

కృష్ణయ్యను పిలిచా. తలుపు చూసి కిందికి కూర్చుండిపోయాడు. "అమ్మా, అయ్య గారు ఒట్టు వేయించుకున్నారు," అన్నాడు. పోయినవాళ్ల ఒట్టు పోయినవాళ్లతోనే పోయిందని నేను గద్దించా. అప్పుడు చెప్పాడు. నీ మొగుడు వెంకటరత్నం ఈ కారును బెజవాడలో పేకాటలో ఓడిపోయాడు. ఇంటికెళ్లి నీకు ముఖం చూపించలేక, అదే వారం ఏరు పొంగితే, బట్టలు తడుపుకుని వచ్చి మునేరు తీసుకుపోయిందన్నాడు. మీ అన్నయ్యకు మాత్రం నిజం చెప్పుకుని ఏడ్చాడు. ఆయన వెళ్లి మా ఒంగోలు ఎడ్లజత ఇచ్చి కారు విడిపించాడు. నల్లరంగు వేయించాడు. "మరి నంబరో?" అన్నా. "అదెలా మారిందో అడక్కమ్మా," అన్నాడు కృష్ణయ్య.

నా ఎడ్లు! మల్లన్న, కోటన్న. వాటిని వత్సవాయి రైతుకు అమ్మానన్నారు ఆయన. నేను ఆరు నెలలు ఆయనతో సరిగా మాట్లాడలేదు. నీ మొగుడి పేకముక్కలకు పోయాయి నా ఎడ్లు. నువ్వేమో, నీ అన్న కార్లో తిరుగుతుంటే నీ మొగుడు ఎండలో నడిచాడని నన్ను నలుగురిలో అన్నావు. ఏటా మునేటికి చీర పెట్టి, ఊరంతా చూస్తుండగా దండం పెట్టావు. ఇప్పుడు ఈ తలుపు తీసుకొచ్చి నందిగామ సెంటర్లో నిలబెడితే నీ ముఖం ఎక్కడ పెట్టుకుంటావే?

నిలబెడతా. నిలబెట్టి చదివిస్తా.


జగ్గయ్యపేట,
24-4-1963

సౌభాగ్యమ్మకు,

కారు రాదు. లోపల ఏదో పళ్లచక్రం విరిగిందట. వేరే కారు చూసుకో. పెళ్లి బాగా చెయ్యి.

పున్నమ్మ


నందిగామ,
27-4-1963

వదిన గారికి,

మీ కార్డు అందింది. నిన్న మా ఊరి భావనారాయణ మీ వీధిలో కారు నడుస్తుండగా చూశాడు. కృష్ణయ్య నడుపుతున్నాడట, మీరు వెనక పరిగెడుతున్నారట. విరిగిన పళ్లచక్రంతో బాగానే నడుస్తోందే!

నాకు తెలుసు. మెరిసింది కాబట్టి మనసొప్పలేదు. మా అన్నయ్య బతికుండగా నాకు ఏది పెట్టబోయినా మీ కళ్లు ఆయన చేతి మీదే ఉండేవి. ఇప్పుడాయన లేడు, చెయ్యే లేకుండా చేశారు.

నేను కారు అడిగింది గొప్పకు కాదు. ఎందుకు అడిగానో మీకు చెప్పను, చెప్పినా మీకెక్కదు. పెళ్లిపత్రికలో పెద్దల పేర్లలో మీ పేరు వేయించాను. అచ్చయిపోయింది కాబట్టి ఉంటుంది. మీరు రానక్కర్లేదు.

సౌభాగ్యమ్మ


జగ్గయ్యపేట,
5-5-1963

సౌభాగ్యమ్మా,

కారు వస్తుంది. నీ నోటికి దడిసి పంపుతున్నానని అనుకో, నాకేం. నేను రాను. అచ్చులో ఉన్న పేరు వస్తుందిలే.

మధ్యలో ఎందుకు రాదన్నానని అడగకు. అడిగినా చెప్పను. నువ్వొక్కదానివే చెప్పనని అనగలవా?

తలుపు నా చేతిలో పాడైంది. అది ఒప్పుకుంటున్నా. రేకుల పనివాణ్ని చావిట్లోకి పిలిచి, తలుపు లోపలి అట్ట ఊడదీయించి, లోపలినుంచి సుత్తితో సాపు చేయించా. మళ్లీ లప్పం, మళ్లీ నలుపు. ఆరడానికి వారం. దుమ్ము పడకుండా నా పాత చీరలు నాలుగు వైపులా కట్టి కాపలా కూర్చున్నా. ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. బసవమ్మ తొంగిచూస్తే నీళ్లు చల్లా. తరవాత మిషను పెట్టి, బరువు వెయ్యకుండా, ఆపకుండా, పసిబిడ్డకు నలుగు పెట్టినట్టు రుద్దా. ఇప్పుడా తలుపు మీద ఏమీ లేదు. నున్నగా ఉంది. ఎవరు ఎంత తడిమినా ఏమీ తగలదు.

నీ కొడుకు అక్కడే కూర్చుంటాడు. ఊరు ఏమీ అనదు. నువ్వు నిశ్చింతగా ఉండు.

ఏరు దాటేటప్పుడు నెమ్మదిగా పోనివ్వమని కృష్ణయ్యకు పదిసార్లు చెప్పా. నువ్వు పదకొండోసారి చెప్పు.

పున్నమ్మ


నందిగామ,
13-5-1963

వదినా,

మీరు అని రాయడం ఇవ్వాళ్టితో మానేశాను. నువ్వు చేసిన పనికి మీరు ఎక్కువ.

కారు వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు. బానెట్టులో ముఖాలు చూసుకుని బొట్లు దిద్దుకున్నారు. నేను హారతి పళ్లెం పక్కన పెట్టి ఎడంపక్క తలుపు దగ్గరికి వెళ్లాను. పిడికి కింద చెయ్యి పెట్టాను. ఏమీ తగల్లేదు. మళ్లీ పెట్టాను. కొడుకు, "అమ్మా, ముహూర్తం దాటుతోంది," అన్నాడు.

నా పేరు ఏది వదినా?

ఆ కారు కొత్తగా వచ్చిన రోజున మా ఇంట్లో గిన్నెలకు పేర్లు కొట్టే అతను కూర్చుని ఉన్నాడు. మా ఆయన నవ్వుతూ అతన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, ఇది కూడా మా సౌభాగ్యమ్మదే, కొట్టు అన్నాడు. నేను వద్దంటే వినలేదు. ఆయన నా పేరు పలికి నవ్వింది నాకు గుర్తున్నంత వరకు ఆ ఒక్కసారే.

నాకు తెలియదనుకున్నావా? ఈత రాని మనిషి మునేరు ఈదాడంటే నేను నమ్మానా? అన్నయ్య నల్లకారు వేసుకుని మొదటిసారి మా వాకిట్లో ఆగిన రోజున ఆ తలుపు పిడి పైకెత్తి లాగితేనే తెరుచుకుంది, మా కారులాగే. పిడి కింద వేలు పెట్టాను. లప్పం పూడ్చినా అంచులు తగిలాయి. నా పేరు తగిలింది. మా ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. అన్నయ్య నా ముఖం చూశాడు. ముగ్గురం అక్కడే నిలబడ్డాం. అన్నయ్య, "ఎక్కమ్మా," అన్నాడు. నేను ఎక్కలేదు. ఎక్కితే ఏడ్చేదాన్ని.

చీర మునేటికి పెట్టింది ఊరు నమ్మాలని. మునేరు ఏ తప్పూ చెయ్యకుండా ఎనిమిదేళ్లుగా నా ఇంటి అబద్ధం మోస్తోంది. చీర దానికి నా క్షమాపణ.

తండ్రి లేని పిల్లవాడు పెళ్లికి తరలుతుంటే, ఆ పేరు పక్కన కూర్చోబెడదామనుకున్నాను. ఆయన పక్కన కూర్చున్నట్టే ఉంటుందనుకున్నాను. ఎవరికీ చెప్పక్కర్లేదు, నాకు తెలిస్తే చాలు. తలుపు ముట్టుకోవద్దని రాశాను. ముట్టుకున్నావు. అన్నయ్య రంగు కింద దాచిపెట్టినదాన్ని నువ్వు సుత్తి పెట్టి చెరిపించావు.

ఇంక నాకు రాయకు.

సౌభాగ్యమ్మ


జగ్గయ్యపేట,
2-6-1963

సౌభాగ్యమ్మా,

రాయకన్నావు. రాస్తున్నా. చదవకపోతే పొయ్యిలో వేసుకో, నాకు తెలియదుగా.

నీకు తెలుసని నాకు తెలిస్తే నేను చెరిపిస్తానా? నీ పరువు పోతుందని వారం రోజులు చీరలు కట్టి కాపలా కాశా. నిన్ను నలుగురిలో నిలబెట్టాలని మొదట అనుకున్న మాట కూడా నిజమే. అది రాసి బియ్యం డబ్బాలో పెట్టా. పురుగు పట్టలేదు. నువ్వొస్తే చూపిస్తా, తిట్టుకుందాం.

తెలిసి కూడా ఎనిమిదేళ్లు నన్ను మాటలన్నావు. మా ఎడ్లజత పోయింది ఆ కారుకే, అది నీకు తెలుసా? తెలియదు. మీ అన్నయ్య ఇద్దరికీ చెరో సగం చెప్పకుండా పోయాడు. ఆయన్ను తిట్టడానికి కూడా నీ ఒక్కదానితోనే కుదురుతుంది నాకు.

తిరుపతిరావు మిషను తిరిగి ఇచ్చేశాడు. కొత్త నలుపు మీద చెయ్యి పడనివ్వొద్దని మరీ మరీ చెప్పి వెళ్లాడు. వాడు బస్సెక్కాక, పేర్లు కొట్టే అతను వీధిలో అరుచుకుంటూ పోతుంటే పిలిచా. "కారు మీదా!" అని నోరు తెరిచాడు. బిందె కన్నా పెద్ద రేకు, అంతేగా, కొట్టు అన్నా. అదే తలుపు, పిడి కిందే. పాత అక్షరాలు ఎలా ఉన్నాయో నా వేలికి గుర్తుంది, గీసి చూపించా. నీ పేరు, నందిగామ అని కూడా. దాని మీద నా పేరు కొట్టించా. నా పేరు పైన, నీ పేరు కింద. కారు నాది, ఎడ్లు నావి. నీకు నచ్చకపోతే మానెయ్.

ఈసారి లప్పం పెట్టలేదు, రంగు వెయ్యలేదు. చుక్కలు తెరిచే ఉన్నాయి. తుప్పు పడుతుందని నాకు ఒకటే బెంగ. రోజూ పొద్దున్నే గుడ్డతో మైనం పూస్తున్నా. మైనం చుక్కల్లో ఇరుక్కుంటోంది. చీపురుపుల్లతో ఒక్కొక్కటే తియ్యాలి. నా పేరుకు చుక్కలు తక్కువ, కాసేపట్లో అయిపోతుంది. నీ పేరు ఊరితో సహా బారెడు. నడుం పడిపోతోంది.

నేను ముసలిదాన్ని, నాకేమైనా అయితే అది తుప్పు పట్టిపోతుంది. ఇంకొకరి పేరు తోముతూ కూర్చోడానికి నేనేం నీ పనిమనిషిని కాదు. పేటకు పొద్దున బస్సుంది. వచ్చి నీ చుక్కలు నువ్వు శుభ్రం చేసుకో.

పున్నమ్మ